ఈ ఏడు ఎర్రకాడను నమ్మొద్దు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దేనికంటే, నేను నేర్పింది నా కూతురు నమ్ముతుందని. కాన్పు దగ్గరపడినదాన్ని, భయపడడానికి నాకు వేరేవి చాలా ఉన్నాయి. కానీ పొద్దున కళ్ళు తెరవగానే గుండెల్లో గుచ్చుకునేది ఇదొక్కటే. రబియా నా మాట గుర్తుపెట్టుకుంటుంది. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది.

జిల్లా ఆసుపత్రి వెనక, నెలలు నిండినవాళ్ళు వచ్చి ఉండే పొడుగాటి ఇంట్లో చాప మీద కూర్చుని ఇది రాస్తున్నాను. రబియా పుట్టినప్పుడు నాకు రక్తం ఆగలేదు. అందుకని ఈసారి నర్సమ్మ ముందే రమ్మంది, వచ్చాక గేటు దాటొద్దంది. రబియా మా ఊరు నవేతాలో మా అమ్మమ్మ దగ్గర ఉంది. దాని ముందుపళ్ళు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. దాని తండ్రి సలీమో నకాలా రేవులో మూటలు మోస్తాడు, పండక్కి తప్ప రాడు. నాకు తల్లి లేదు. ఆమె పోయిన ఏడే నేను ఆరో తరగతి వదిలేసి చేలోకి దిగాను. మావైపు ఇల్లూ చేనూ ఆడవాళ్ళవి. అమ్మమ్మది నాకు, నాది రబియాకి. అందుకని పిల్లకి చేను నేర్పడం కూడా మా పనే.

అక్షరాలు ఎప్పుడైనా వస్తాయి, రాకపోయినా బతుకుతాం. కర్రపెండలం మాత్రం పళ్ళు ఊడకముందే నేర్చుకోవాలి. మా చేలల్లో అది రెండు రకాలుగా ఉంటుంది. లోపల తీపిది, చుట్టూ గట్టు వెంబడి చేదుది. చేదుది మాకు కంచెలాంటిది. పందులైనా, కోతులైనా, చెయ్యి తిరిగిన దొంగైనా ముందు దానికే తగులుతారు. ఆ చేదు దుంపను తొక్క తీసి, చీల్చి, కటకటలాడేదాకా ఎండబెట్టి, దంచి పిండి చేసుకుని సంకటి వండుకుంటాం. ఎండబెట్టకుండా తింటే మనిషికి ప్రమాదం. తీపిదానికి ఆ బాధ లేదు. తవ్విన పూటే ఉడకబెట్టుకోవచ్చు. పిల్లలైతే చేలోనే తొక్క వలిచి పచ్చిగా నమిలేస్తారు.

మట్టిలోంచి తీశాక ఏది ఏదో పోల్చడం పెద్దవాళ్ళకే కష్టం. అందుకని పిల్లకి ముందు ఆకు కాడ చూపిస్తాం. కాడ ఎర్రగా ఉంటే తీపి. పాలిపోయి ఆకుపచ్చగా ఉంటే చేదు. తర్వాత కోతిని చూపిస్తాం. కోతి తవ్విన చోటికి తీసుకెళ్ళి, కూర్చుని తిన్నదా, ఒక్క కొరుకు కొరికి విసిరేసిందా చూడమంటాం. అన్నిటికంటే చివర నాలుక. దుంప తోక గిల్లి నాలుక కొసకు తాకించి ఉమ్మెయ్యాలి. చేదుదైతే చెంపలు లోపలికి లాగుతాయి. నాకు అమ్మమ్మ ఇలాగే నేర్పింది. నేను రబియాకి ఇలాగే నేర్పాను.

దానికి నేర్పడం నాకు సరదాగా ఉండేది. చేదు మొక్కలు అంచునే ఎందుకు నిలబడ్డాయని అడిగింది ఒకసారి. కాపలాకి అన్నాను. ఆ రోజు నుంచి అవి దానికి కాపలా అత్తలు. చేలోకి పోయేముందు గట్టు మీద ఆగి, లోపలికి పోనా అత్తా అని అడిగి, వాళ్ళు సరేనన్నట్టు తనే తలూపుకుని పోతుంది. గాలికి ఆకు ముఖాన కొడితే, అత్తకి ఇవాళ కోపంగా ఉందమ్మా అంటుంది.

తను నేర్చుకున్నదాన్ని తనలోనే దాచుకునే రకం కాదు. మా అమీసె మామ మనవరాలు నూరా ఉంది, ఇంకా మాటలు సరిగా రాని పిల్ల. దాన్ని జీడిమామిడి నీడలో కూర్చోబెట్టి, ఎర్రకాడలూ పచ్చకాడలూ కోసుకొచ్చి ముందు పరిచి రబియా బడి పెట్టేది. అమ్మమ్మ పెంచే ముసలిమేక కూడా ఆ బడిలోనే. నూరా తప్పు కాడ ఎత్తితే రబియా నడుం మీద చేతులు పెట్టుకుని, "కోతికే నయం నూరా, దానికి ఎవరూ చెప్పకపోయినా వచ్చు" అనేది. నూరా ఏడుస్తూ ఎర్రకాడ ఎత్తేది. మేక ఆ కాడని తినేసేది. నేను రోలు దగ్గర ఉండి నవ్వుకునేదాన్ని.

ఈ ఏడు కొమ్మలు నాటాక ఒక్క జల్లు పడి, ఇక వాన మొహం చూపించలేదు. ఆకులు రాలి, కొసన గుప్పెడు మిగిలాయి. మొక్కజొన్న నిలువునా ఎండిపోయింది. చేపలవాడు రావడం మానేశాడు. బొబ్బర్లు అయిపోయాయి. పూటపూటా పెండలమే.

ఆ రోజుల్లోనే పక్క ఊరికి ఉప్పు కోసం పోయి ఒక పిల్లను చూశాను. రబియా కంటే కాస్త పెద్దది. ముందు రోజు దాకా నీళ్ళు మోసిన పిల్ల, పొద్దున లేచేసరికి కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయట. తల్లి చంకల కింద చేతులు వేసి నిలబెట్టింది. పిల్ల మునివేళ్ళ మీదే నిలబడింది. మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. మడమలు ఎంత నొక్కినా నేలకి ఆనడం లేదు. ఆరోగ్యం మనిషి వచ్చి, కరువేళ దుంపలో చేదు పెరుగుతుంది, సరిగా ఎండబెట్టకుండా రోజూ తింటే కాళ్ళకి వస్తుంది, ఈ బిగువు ఇక పోదు అని చెప్పి వెళ్ళాడట. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం దారిలో ఎవరో పెట్టినదాన్ని తొక్కింది అంటున్నారు. తల్లి పిల్ల మడమలకి నూనె రాస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక కూడా ఆ మడమలు నా కళ్ళ ముందు నుంచి పోలేదు. మర్నాడు మా చేలో, నడిమధ్య సాలులో, ఎర్రకాడ మొక్క ఒకటి పీకి తోక గిల్లి నాలుకకి తాకించాను. చెంపలు లోపలికి లాగాయి. ఉమ్మేసి ఇంకో మొక్క చూశాను. అదీ అంతే. గట్టు మీద అత్తల దుంప ఎలా ఉంటుందో లోపలిది అలాగే ఉంది.

పరుగున పోయి అమ్మమ్మకి చెప్పాను. ఆవిడ గడపలో కూర్చుని పొగాకు నలుపుకుంటోంది. చెప్పిందంతా విని, నా పొట్ట మీద చెయ్యి వేసింది.

"ఎన్నో నెల నీకు?"

"దానికీ దీనికీ ఏంటి అమ్మమ్మా?"

"ఏంటంటావేంటే. కడుపుతో ఉన్నదాని నాలుక దాని నాలుకా? లోపలున్నవాడిది. వాడికి చేదేం తెలుసు, తీపేం తెలుసు? నీ తల్లి నిన్ను మోసేటప్పుడు తేనె తాగి వేపాకు పెట్టారని ఏడ్చింది."

ఇది అమ్మమ్మ ఒక్కతి మాట కాదు. మావైపు అందరిదీ. కడుపుతో ఉన్న ఆడదాన్ని దుంప రుచి చూడనివ్వరు. చూసినా ఆ మాట లెక్కలోకి రాదు. నేను కూడా ఇదివరకు మా వదిన సకీనా కడుపుతో ఉన్నప్పుడు, నీ నాలుకని తీసి పక్కన పెట్టు వదినా అని ఎగతాళి చేసినదాన్నే.

అయితే నువ్వు చూడు అని అమ్మమ్మ చేతికి దుంప ఇచ్చాను. గిల్లి నోట్లో వేసుకుని నమిలింది. బాగానే ఉందంది. పొద్దస్తమానం దవడన పొగాకు ఉంటుంది ఆవిడకి. ఉప్పు ఎక్కువైనా తెలియదు, తక్కువైనా తెలియదు. కూర నేను రుచి చూసి దించడం మొదలై చాలా కాలమైంది. ఆ మాట పైకి అనలేదు. అంటే ఏం బాగుంటుంది, నన్ను పెంచిన మనిషి.

కళ్ళు కూడా అంతే. పొర కమ్మేసింది. చేలో ఇప్పుడు రబియానే ఆవిడకి కళ్ళు. మొక్క మొదట్లో కూర్చుని తడుముతూ, కాడ రంగేంటే అంటుంది. ఎరుపు అంటుంది రబియా. అయితే తవ్వు అంటుంది అమ్మమ్మ. ఇద్దరూ కలిసి ఒక మనిషి పని చేస్తారు. చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. నాకూ ఉండేది.

సకీనా దగ్గరికి పోయాను. మా పక్క చేను తనది, వాగు పక్కన, ఇంకా కాస్త చెమ్మ ఉంది. ఒకసారి వచ్చి మా దుంప రుచి చూడు వదినా అని అడిగాను. తను చుట్టూ చూసి గొంతు తగ్గించింది. ఇంకొకరి చేలో దుంప నాలుక మీద పెట్టడమంటే, నీ దుంపలో విషం ఉందని మొహం మీద అన్నట్టే. ఆ తప్పుకి మావైపు ఇళ్ళకి ఇళ్ళే మాటలు మానేశాయి. "ముసల్దానికి తెలిస్తే నా పొయ్యిలో నిప్పు కూడా పుట్టనివ్వదు. నీకు నొప్పులొచ్చాక అన్నీ తియ్యగానే ఉంటాయిలే, పో" అని నవ్వి చేత్తో తోసేసింది.

మిగిలింది అమీసె మామ. మా ఇంట్లో ఏ తగవైనా మేనమామ దగ్గరికే పోవాలి. మామ సైకిలు గొలుసుకి నూనె వేసుకుంటూ విన్నాడు. పక్క ఊరి పిల్ల సంగతి కూడా చెప్పాను. అంతా అయ్యాక, "అమ్మాయ్, కాడ ఎర్రగా ఉందా లేదా?" అన్నాడు.

"ఉంది మామా."

"మరి నీ నాలుక చెప్పింది నమ్మి మా అమ్మ కళ్ళని కాదనమంటావా?"

ఆ కళ్ళు నా కూతురివి అని నాకు నోటిదాకా వచ్చింది. ఆయన ఎదట అంత మాట ఎప్పుడూ అనలేదు నేను.

అప్పటి నుంచి ఎర్రవాటిని కూడా తొక్క తీసి ఎండలో వెయ్యడం మొదలుపెట్టాను. తీపి దుంపను ఎండబెట్టడమంటే మావాళ్ళకి ఒళ్ళు బలిసిన పని. ఆకలేసినప్పుడు అప్పటికప్పుడు ఉడికేదాన్ని తీసుకుపోయి కప్పు మీద పరుస్తుంటే అమ్మమ్మకి మండింది. నా కోడలు అయితే ఇంట్లోంచి పంపేద్దును, మనవరాలివైపోయావు అంది. వచ్చేపోయేవాళ్ళతో, మా మనవరాలు అంచాకి కడుపు తలకెక్కింది అని చెప్పుకుంది. పొయ్యి నా చేతిలో ఉన్నంతవరకు ఎండిన పిండే వండాను. వాళ్ళు తిట్టుకుంటూ తిన్నారు.

చేలో పచ్చిది తినకుండా ఆపడం మాత్రం నా చేత కాలేదు. రబియాని కూర్చోబెట్టి, ఈ ఏడు ఎర్రవి కూడా చేదెక్కాయి, తినొద్దు అన్నాను.

"నువ్వే కదమ్మా ఎర్రవి మంచివన్నావు."

"అప్పుడు మంచివి. ఇప్పుడు వాన లేదుగా."

"వాన లేకపోతే రంగు మారాలి కదా. మారలేదుగా."

నిజమే, రంగు మారలేదు. కోతుల సంగతి చూడమన్నాను, అవి కూడా ఇప్పుడు కొరికి పారేస్తున్నాయని చూపిద్దామనుకున్నాను. తీసుకెళ్ళి చూస్తే కోతులు ఆకలికి గట్టు మీది చేదువి కూడా తవ్వి సగం సగం తిన్నాయి. రబియా ఆ గుంటల పక్కన గొంతుక్కూర్చుని, పంటిగాట్లు చూసి, "అత్తల్ని కూడా తినేశాయమ్మా" అంది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చెప్పదలుచుకున్నది గాలికి పోయింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం రబియా, నూరా చేలోంచి వచ్చి ఇంటి ముందు కూలబడ్డారు. రబియా వాంతి చేసుకుంది. నూరా చేసుకోలేదు, మెడ వాల్చేసింది. కళ్ళు తిరుగుతున్నాయమ్మా, నేల ఊగుతోంది అంటుంది నా పిల్ల. ఏం తిన్నారే అంటే చెప్పదు. నూరా పిడికిలి విప్పి చూశాను. నమిలిన దుంప పిప్పి ఉంది. చక్కెర నీళ్ళు కలిపి ఇద్దరికీ చెంచాతో పోస్తూ కూర్చున్నాను. ఎండ వాలేవేళకి నూరా కళ్ళు నిలిపి చూసి, నీళ్ళ గిన్నె లాక్కుంది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

పిప్పి చూపించాను అందరికీ. అమ్మమ్మ దాన్ని వేళ్ళతో నలిపి వాసన చూసింది. పచ్చి జీడిపండ్లు తిని ఉంటారంది. నిజమే, జీడిమామిడి కింద కొరికిన పండ్లు కూడా ఉన్నాయి. నూరా తల్లి ఆ మాట పట్టుకుంది. జీడిపండ్లు తినడం ఎవరు నేర్పారు అని రబియా వీపు మీద ఒకటి వేసింది. రబియా వీపు తడుముకుంది. కాసేపయ్యాక నూరా దగ్గరికి పోయి, జీడిపండు వల్లట నూరా, ఇక తినకు అని పెద్దదానిలా చెప్పింది.

ప్రయాణం దగ్గరపడింది. నేను లేనప్పుడు పొయ్యి అమ్మమ్మది. ఆవిడ ఎండబెట్టదు, ఉడకబెడుతుంది. ఇక నాకు మిగిలిన దారి ఒక్కటే అనిపించింది. నా నాలుక నమ్మరు, సరే. పిల్ల నాలుకకి ఏ వంకా పెట్టలేరు కదా. మావైపు పిల్లల నాలుకే శుభ్రమైనది అంటారు. నడిమధ్య సాలులోంచి ఒక దుంపను మొక్కతో సహా పీకి తెచ్చి, అమ్మమ్మ ముందే, నేను నోట పెట్టకుండా, రబియాని గిల్లి చూడమన్నాను.

రబియా మొదట మొక్క వైపు చూసింది. తర్వాత తోక గిల్లింది. నాలుక కొసకు తాకించింది, ఉమ్మింది. చెంపలు లాగాయో లేదో నాకు కనబడలేదు, తల వంచుకుంది.

"తియ్యగానే ఉంది" అంది.

అమ్మమ్మ గెలిచినదానిలా నవ్వలేదు. అదే నాకు ఇంకా కష్టంగా తోచింది. నన్ను దగ్గరికి తీసుకుని, చూశావా తల్లీ, అందరికీ ఇలాగే ఉంటుంది, కాన్పైతే పోతుంది అంది. నా ముఖానికి రాసుకోమని ముసీరో చెక్క అరగదీసి తెల్లటి గంధం ఇచ్చింది. నేను రాసుకుంటూ కూర్చున్నాను. ఒకవేళ నా నాలుకే చెడిందేమో. వాంతి జీడిపండు వల్లేనేమో. పక్క ఊరి పిల్లని చూసి బెదిరి నేనే ఇంట్లోవాళ్ళని సతాయిస్తున్నానేమో. ఆ పూట దుంపలు ఉడకబెడితే నేనూ తిన్నాను. చేదుగానే ఉన్నాయి. చేదుగా ఉన్నాయని ఎవరితోనూ అనలేదు.

బయల్దేరే పొద్దున రబియాకి నీళ్ళు పోస్తూ మెల్లిగా అడిగాను. ఆ రోజు నిజంగా తియ్యగా ఉందా, నాలుక ఏం చెప్పింది అని. అది నురగ కళ్ళలో పడకుండా గట్టిగా మూసుకుని ఉంది.

"కాడ ఎర్రగా ఉంది కదమ్మా" అంది.

"కాడ కాదే. నాలుక."

"ఎర్రది తీపి కదా. నాలుక తప్పు చెప్పింది. నేను దాని మాట వినలేదు."

ఏదో అనాలి, వెంటనే అనాలి. అప్పటికే మామ సైకిలు గంట కొడుతున్నాడు, లారీ పోతుందని. తడి ఒంటినే పట్టుకుని, అమ్మ వచ్చేదాకా పచ్చి దుంప తినను, అని చెప్పించాను. చెప్పింది. మళ్ళీ చెప్పించాను. మళ్ళీ చెప్పింది. సైకిలు వెనక కూర్చున్నాక పరుగెత్తుకొచ్చి, "ఉడికిందో అమ్మా? అమ్మమ్మ పెడితేనో?" అంది.

పెద్దవాళ్ళు పెట్టింది వద్దనడం నేను దానికి నేర్పలేదు. ఎవరం నేర్పం. సైకిలు కదిలిపోయింది.

నా మూటలో బట్టల మధ్య ఒక ఎర్రకాడ దుంప పెట్టుకుని వచ్చాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పుడు తెలియదు. ఇక్కడ అందరం కడుపుతో ఉన్నవాళ్ళమే. మాకు ఎవరికీ నాలుక లేనట్టే లెక్క. వంట చేసే ఫిలొమేనా అక్క ఒక్కతే మామూలు మనిషి. బొగ్గుల పొయ్యి దగ్గర రోజంతా ఉంటుంది, నోరు మహా పదును. వచ్చిన మర్నాడు దుంప తీసుకుపోయి ఆమె ముందు పెట్టాను. ఎవరిదో చేను కాదు, ఆసుపత్రి వంటిల్లు. ఇక్కడ రుచి చూస్తే ఎవరినీ నిందించినట్టు కాదు.

"ఇంట్లో తిండి చాలక మోసుకొచ్చావా చెల్లీ? నా సంకటి బాగాలేదని చెప్పడానికా?" అంది.

ఒక్కసారి రుచి చూడక్కా అన్నాను. నా ముఖం చూసి ఇక నవ్వలేదు. కత్తితో తోక కోసి నాలుకకి ఆనించింది. వెంటనే బూడిదలో ఉమ్మి, నీళ్ళు పుక్కిలించి, మళ్ళీ ఉమ్మింది.

"గట్టు మీదిది తెచ్చావేంటే?"

"కాదక్కా. నడిమధ్య సాలుది. ఎర్రకాడది."

ఆమె దుంపను తిప్పి చూసింది. మసిగుడ్డతో నోరు తుడుచుకుంది. "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అని అడిగింది.

నా నాలుక సరిగానే ఉందని అప్పుడు తెలిసింది. ఆ క్షణం నేను ఎంత కోరుకున్నానో, నా నాలుకే చెడిందని ఎవరైనా అంటే బాగుండని.

నర్సమ్మ దగ్గరికి పోయి ఊరికి పోయొస్తానన్నాను. ఆవిడ నా కాళ్ళ వాపు నొక్కి చూసి, దారిలో నీళ్ళాడితే పిల్లతల్లి కాదు కదా, పిల్లకి తల్లే ఉండదు అంది. ఆరోగ్యం మనిషిని పంపమని అడిగాను. నవేతా వంతు ఎప్పుడొస్తే అప్పుడు పోతాడంది. సలీమోకి కబురు చేశాను, అందిందో లేదో తెలియదు. ఫిలొమేనా అక్క ఫోను అడిగి మామకి చేశాను. చేపల రేవులో ఉన్నట్టున్నాడు, వెనక అరుపులు. దుంప సంగతి చెప్పేలోపే, "రబియాకేం, దుక్కలా ఉంది. తినడం బాగా తింటోంది. నువ్వు నీ సంగతి చూసుకో అమ్మాయ్" అన్నాడు. ఏం తింటోంది మామా అని నేను అరుస్తూనే ఉన్నాను. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు.

అందుకని ఇది చదివేవాళ్ళని అడుగుతున్నాను. మీరెవరైనా సరే, పెద్దరోడ్డు మీదుగా మావైపు పోతుంటే, కూలిన వంతెన దగ్గర దిగండి. మట్టిబాట పట్టుకుని రెండు పెద్ద చెదపుట్టల మధ్య నుంచి పోతే, ఒంటి జీడిమామిడి కనిపిస్తుంది. దాని వెనక ఇల్లు మాదే. కప్పు మీద దుంప ముక్కలు ఎండుతున్నాయేమో చూడండి. లేకపోతే లోపలికి పోయి, దాహం వేస్తోందని కూర్చోండి. అమ్మమ్మతో వాదం పెట్టుకోకండి, ఆవిడ ప్రేమతోనే పెడుతుంది. చేలోకి పోయి ఎర్రకాడ దుంప ఒకటి తవ్వి, అందరి ముందూ మీ నాలుకకి తాకించండి. అది మావైపు పెద్ద తప్పే. కానీ మీరు బయటివాళ్ళు, పట్టింపు తెలియదులే అని మిమ్మల్ని వదిలేస్తారు. కడుపుతో ఉన్నవాళ్ళైతే మాత్రం మీరు చూసి లాభం లేదు, ఇంకెవరినైనా తీసుకెళ్ళండి. చేదని గట్టిగా చెప్పి, ఎండబెట్టి దంచేదాకా ఎవరినీ తిననివ్వకండి.

రబియాని పిలవండి. పళ్ళు కదులుతూ ఉంటాయి, అదే గుర్తు. ఊరికే ఆ జీడిమామిడి దాకా నడిచి రమ్మనండి. రెండు మడమలూ నేలకి ఆనుతున్నాయేమో వంగి చూడండి. కాడ ఎర్రగా ఉన్నా సరే, ఈ ఏడు నీ నాలుక మాటే వినమని అమ్మ చెప్పమంది అనండి. ముందు నమ్మదు. ఇంకోసారి చెప్పండి.

తిరిగి వచ్చేముందు నూరాని కూడా చూసి రండి. మాటలు సరిగా రాని పిల్ల, కాళ్ళు లాగుతున్నా చెప్పలేదు. రబియా ఏది నేర్పితే అదే తింటుంది.